ప్రత్తిపాడు మిద్దె మీద స్టీల్ గిటార్: మోగించిన చెయ్యే ఆపాలి!

గుంటూరులో పర్చూరు వైపు వెళ్ళే బస్సెక్కితే గంటలోపే ప్రత్తిపాడులో దిగొచ్చు. కాకినాడ వైపు ఇంకో ప్రత్తిపాడు వుంది, అది కాదు సుమండీ! ఇది మన గుంటూరు జిల్లాది. పేరులోనే ప్రత్తి. చుట్టూ నల్లరేగడి. సంక్రాంతి దాటాక వెళితే కిటికీలోంచి ఒకవైపు తెల్లగా పగిలిన పత్తికాయలు, ఇంకోవైపు కల్లాల్లో ఆరబోసిన మిరప ఎరుపు. కొత్తవాళ్ళకి తుమ్ములు ఉచితం!

ఈ వూళ్ళో మా బాబాయి వాళ్ళింటి మిద్దె మీద రోజూ సాయంత్రం ఒక విచిత్రమైన కచేరీ జరుగుతోంది. మా తమ్ముడు, అంటే బాబాయి కొడుకు, ఒక మామూలు గిటార్‌ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయిస్తాడు. హవాయియన్ గిటార్ అంటే అదే. తీగలు పలకకి తగలకుండా మెడ చివర ఎత్తు దిమ్మె ఒకటి పెట్టించాడు. అంతే ఖర్చు.

కానీ వాడి కల పెద్దది. వాడికి పెడల్ స్టీల్ కావాలి! అది విదేశాల నుంచి రావాలి. ఓడ ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపితే లక్ష దాటుతుంది. బాబాయి మాట ఒక్కటే: "మిరప డబ్బులు రానీరా, అప్పుడు చూద్దాం." మిరప ధర సంగతి గుంటూరు వాళ్ళకి చెప్పాలా? యార్డులో బస్తా దించేదాకా ఎవరికీ తెలీదు. అందుకని నన్ను మధ్యవర్తిగా పిలిపించారు. "నువ్వు సినిమా పాటల మీద రాస్తావుగా, వీడి చేతిలో సరుకుందో లేదో చెప్పు" అన్నాడు బాబాయి.

ఇంతకీ ఏమిటీ పెడల్ స్టీల్?

బల్లలాంటి చట్రం మీద పది తీగలు. ఎడమ చేతిలో ఉక్కు కడ్డీ. కుడిచేతి బొటనవేలికి ప్లాస్టిక్ పిక్, చూపుడువేలికీ మధ్యవేలికీ లోహపు పిక్‌లు. కింద మామూలుగా మూడు పెడల్స్, మోకాళ్ళతో నెట్టే మీటలు కొన్ని. కుడికాలి కింద శబ్దాన్ని పెంచి తగ్గించే పెడల్ ఇంకొకటి. కుట్టుమిషనూ కారూ కలిపి నడిపినట్టు వుంటుంది వ్యవహారం!

పెడల్ చేసే పని సులువుగానే అర్థమవుతుంది. ఇ-నైన్త్ అనే శృతిలో అయిదో తీగ బి స్వరం. మొదటి పెడల్ తొక్కితే ఆ తీగ బిగిసి సి షార్ప్ అవుతుంది, అంటే రెండు స్వరస్థానాలు పైకి పోతుంది. మీటాక తొక్కితే స్వరం వంగుతూ లేస్తుంది. వీణలో ఎడమచేతి వేలితో తీగను పక్కకు లాగి గమకం పలికిస్తారే, ఆ పని ఇక్కడ కాలు చేస్తుంది. పైగా పక్క తీగ కదలకుండా ఇది కదులుతుంది.

ఒక పెద్ద హిట్ పాటలో ఈ విరుపు తొలిసారి మోగింది 1954లో. పాడింది వెబ్ పియర్స్, స్టీల్ వాయించింది బడ్ ఐజాక్స్. తర్వాత బడీ ఎమన్స్ లాంటి మహామహులు వచ్చి దాన్ని నాష్‌విల్ సంగీతానికి గొంతు చేశారు. నాష్‌విల్ వున్న టెన్నెసీ రాష్ట్రంలోనే మెంఫిస్ వుంది. పత్తి వ్యాపారానికి పేరు పడ్డ వూరు. పత్తి వూళ్ళకీ ఈ పాటకీ చుట్టరికం పాతదే!

మనకెలా వచ్చింది?

కడ్డీ జరిపి వాయించడం హవాయి దీవుల్లో పుట్టింది. జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు 1880ల చివర్లో రైలు పట్టాల పక్కన దొరికిన బోల్టుని తీగల మీద ఆనించి ఆ ధ్వని కనిపెట్టాడంటారు. అంతకు కాస్త ముందే గాబ్రియేల్ డావియన్ అనే, ఇండియాలో పుట్టిన ఒక యువకుడు హొనొలులులో అలా వాయించాడని అక్కడే ఇంకో కథ. మన దక్షిణాదిలో కొయ్య ముక్క జరిపి వాయించే గోటువాద్యం వుండనే వుంది కదా!

1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనతో ఈ గిటార్ అమెరికాని వూపేసింది. హవాయి కళాకారుడు టావు మోయ్ 1929లో ఇండియా వచ్చాడు, 1940లలో కలకత్తాలో కాపురమే పెట్టాడు. అక్కడి నుంచి బెంగాలీలు అందుకున్నారు. లక్నో వాడైన వాన్ షిప్లే ఎనిమిది తీగల ఎలక్ట్రిక్ గిటార్ తయారు చేసుకుని రాజ్ కపూర్ సినిమా పాటలకు వాయించారు. సునీల్ గంగూలీ హిందీ సినిమా వరసలన్నీ గిటార్ మీద రికార్డులిచ్చారు. బ్రిజ్‌భూషణ్ కాబ్రా దాని మీద రాగాలు పలికించారు. విశ్వమోహన్ భట్ 1994లో గ్రామీ అందుకున్నారు. రేడియోలో రెండు కార్యక్రమాల మధ్య జారుతూ వినిపించే ఆ సినిమా బాణీ గుర్తుందా? అదే ఇది.

అసలు కష్టం ఎక్కడ?

మిద్దె మీద మా తమ్ముడు ఒక పాత పాట ఎత్తుకున్నాడు. వరస తప్పు లేదు. కడ్డీ సరిగ్గా చోటు మీదే ఆగుతోంది. అయినా మొత్తం మీద వినబడేది... పండగనాటి పెట్రోమాక్స్ గోలలా వుంది. ఎందుకు?

మామూలు గిటార్‌లో ఎడమచేతి వేలు లేపితే స్వరం ఆగిపోతుంది. ఇక్కడ కడ్డీ తీగలన్నిటి మీదా పడుకుని వుంటుంది. మీటిన తీగ మోగుతూనే వుంటుంది. కడ్డీని ఇంకో చోటికి జరిపితే పాత స్వరం కూడా వెంటబడి వస్తుంది. అలా నాలుగు స్వరాలు పోగయ్యేసరికి పాట పోయి ఘోష మిగులుతుంది. దానికి మందు ఎడమచేతిలో లేదు, కాళ్ళల్లో లేదు. కుడిచేతిలో వుంది. మీటిన చెయ్యే ఆపాలి! దాన్నే వాళ్ళు బ్లాకింగ్ అంటారు.

రెండు పద్ధతులున్నాయి. మొదటిది అరచేతితో ఆపడం. చిటికెనవేలి వైపు అరచేతి అంచు తీగల మీద తేలిగ్గా ఆని వుంటుంది. మీటే క్షణంలో అంచు వెంట్రుకవాసి లేస్తుంది, స్వరం పలుకుతుంది, అంచు మళ్ళీ వాలుతుంది. రెండోది పిక్‌తో ఆపడం. మీటిన వేలే వెనక్కి వచ్చి అదే తీగను తాకి నోరు మూయిస్తుంది. జోరుగా పరిగెత్తే వరసలకి ఇది బాగా పనికొస్తుంది. పేరున్నవాళ్ళలో చాలామంది రెండూ కలిపే వాడతారు.

సాధన చూడ్డానికి బహు చప్పగా వుంటుంది. గోడ గడియారం టిక్కుటిక్కు వినిపించే చోట కూర్చోవాలి. ఒక తీగ. ఒక టిక్కు మోత, ఒక టిక్కు మౌనం. మౌనం కూడా మోతంత కచ్చితంగా వుండాలి. అది కుదిరాక రెండు తీగలు, ఒకటి బొటనవేలితో, ఒకటి మధ్యవేలితో. ఆ తర్వాత కడ్డీ మూడో మెట్టు నుంచి అయిదో మెట్టుకి జరపాలి, మధ్యలో ఏమీ వినపడకూడదు. అదొచ్చాక కావాలనే జార్చాలి. అప్పుడు జారుడు మన ఇష్టప్రకారం వస్తుంది, మనల్ని అడక్కుండా రాదు.

రెండో రోజు సాయంత్రం పొలం నుంచి వస్తున్న పక్కింటి అత్త మిద్దె కింద ఆగింది. "ఏందబ్బాయ్, నిన్నటిదాకా పాటలు వాయించేవాడివి, ఇయ్యాల టిక్కు టిక్కు అంటున్నావేంది?"

"చెయ్యి సాపు చేసుకుంటున్నా అత్తా."

"మంచిదే. పత్తి తీసేటప్పుడూ అంతేగా. కాయలో దూది ఒక్కటే రావాల. ఆకు ముక్క అంటుకుందా, కొనేవోడు రేటు కోస్తాడు" అని చక్కాపోయింది.

మా తమ్ముడు నవ్వేశాడు. కానీ ఆ రాత్రి గడియారం టిక్కుల మధ్య వాడి మీటు మునుపటికంటే శుభ్రంగా వినిపించింది.

మధ్యవర్తి తీర్పు

బాబాయికి నేను చెప్పింది ఇదీ. కుడిచేతి విద్యకి పెడల్స్‌తో పని లేదు. ఒళ్ళో వున్న ఆరు తీగల గిటార్ మీద నేర్చిన మీటూ ఆపూ రేపు పది తీగల మీదా అవే. అది రాకుండా లక్ష పోసి యంత్రం తెస్తే గోల మరింత ఖరీదవుతుంది, అంతే! అందుకని ఉగాది దాకా గడువు. అప్పటికి ఒక పాట పల్లవి నిదానంగా, ఒక్క స్వరం కూడా పక్క స్వరం మీద పడకుండా వాయించాలి. వినేది బాబాయే. వాయిస్తే మిరప డబ్బుల్లో వాటా.

"అన్నయ్యా, నాన్నకి సంగీతం తెలీదుగా!" అన్నాడు వాడు భయంగా.

తెలియక్కర్లేదు. ఒక గదిలో నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నారా, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతున్నారా అన్నది ఎవరికైనా తెలుస్తుంది. బ్లాకింగ్ పరీక్ష అంతకంటే పెద్దదేం కాదు.

ఈ కుర్రాడి పట్టుదల నాకెందుకు నచ్చిందో కూడా చెప్పాలి. ఒకప్పుడు పాటలో పాటగా వున్న ఈ జారుడు ధ్వని, కీబోర్డులు వచ్చాక మన సినిమాల్లో బాగా తగ్గిపోయింది. బటన్ నొక్కితే ఆ స్వరం వస్తుంది, నిజమే. కానీ స్వరం ఎక్కడ తెగాలో, తెగేముందు ఎంత వణకాలో నిర్ణయించే అరచేయి అందులో లేదు. అది మనిషి దగ్గరే నేర్చుకోవాలి, లేదా మనిషై కూర్చుని సాధించాలి. ప్రత్తిపాడులో గురువు లేడు. ఫోనులో వీడియోలున్నాయి, గోడ మీద గడియారం వుంది, కుడిచెయ్యి వుంది.

పాఠకులకి చిన్న పని. ఇవాళ రాత్రి 1950ల నాటి హిందీ పాట ఒకటి పెట్టుకోండి. గిటార్ జారుతున్న చోట కాకుండా, అది ఆగిన చోట చెవి పెట్టండి. స్వరానికీ స్వరానికీ మధ్య సన్నటి ఖాళీ వినబడుతుంది. ఆ ఖాళీని కూడా ఎవరో ఒకరు కుడిచేత్తో వాయించారు.