మూతిగుడ్డయు కాయకష్టమును

2020వ సంవత్సరమున కరోనా జాడ్యము వ్యాపించినది మొదలు మూతికి మాస్కు కట్టుకొనుట లోకమునకంతకు అలవాటయ్యెను. ఆ నాటి నుండి ఒక సందేహము మా నరసరావుపేట స్త్రీలలో పలుమారు వినవచ్చుచున్నది. మూతిగుడ్డతో వడిగా నడచినను, మెట్లెక్కినను ఊపిరితిత్తులకు చెరుపు కలుగునా? మనము విడిచిన చెడుగాలినే మరల పీల్చి రక్తమును పాడుచేసికొనుచున్నామా?

ఈ సంగతి మాకు కోటప్పకొండ మెట్లపై కొంత అనుభవమునకు వచ్చినది. ఇరుగుపొరుగు స్త్రీలము కొందరము కూడి, కరోనా కట్టుబాట్లు సడలిన పిదప, మాస్కులతోనే కొండ యెక్కితిమి. మొదటి మెట్లు సుఖముగనే సాగినవి. సగము దారికి గుడ్డ చెమటతో తడిసి ముక్కునకు అంటుకొనసాగెను. మాలో చిన్నది, “వదినా, ఊపిరాడటం లేదే!” యని కూలబడినది. “తొందరెందుకమ్మా, ఆ పక్కన కూర్చుని కాసేపు గుడ్డ తీసేయ్” అని పెద్దామె చెప్పినది. జనములేని చోట కూర్చుండి, మంచినీళ్లు త్రాగి, పొడిగుడ్డ మార్చుకొని మెల్లగా ఎక్కగా ఆమెకే బాధయు లేకపోయెను.

దీనికి కారణము తెలిసికొనదగినది. ఊరక కూర్చున్నప్పుడు మనము నిమిషమునకు ఇంచుమించు 6 మొదలు 8 లీటర్ల గాలి పీల్తుము. గట్టి శ్రమలో నది 60 లీటర్లు దాటి, కొందరికి 100 వరకును పోవును. అంత గాలి గుడ్డగుండ వచ్చుటకు రొమ్ము కండరములు ఎక్కువగా పాటుపడవలెను. గుడ్డ తడిసినకొలది ఆ పాటు పెరుగును. ప్రాణవాయువు అణువులు గుడ్డ సందులకంటె ఎన్నో రెట్లు సూక్ష్మములు గనుక అవి నిరాటంకముగ దూరును. అందుచేతనే ఆరోగ్యవంతులను మాస్కులతో పరుగెత్తించి చేసిన పెక్కు పరీక్షలలో రక్తమందలి ప్రాణవాయువు చెప్పుకొనదగినంతగా తగ్గలేదు. ఆయాసము, ముఖమునందలి వేడి మాత్రము హెచ్చినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూనులో, వ్యాయామ సమయమున మాస్కు ధరింపవలదనియు, ఒకరికొకరు మీటరు దూరమైన నుండవలెననియు చెప్పినది. ఉబ్బసము, గుండెజబ్బు గలవారు వైద్యుని అడిగియే నడచుకొనుట మేలు. ఆయాసము తోచిన వేగము తగ్గించుట, తల తిరిగిన ఆగి గుడ్డ తీయుట, తడిసినది మార్చుట, ఇంతియే సూత్రము.

ఇది ఆరోగ్యముకొరకు కొండలెక్కు మనబోంట్ల మాట. మన పల్నాటిలో కరోనాకు ఎంతో ముందునుండియు మూతికి గుడ్డకట్టి ఒళ్లువంచి పాటుపడు స్త్రీలు వేలకొలది గలరు. మిరపకోతల కాలమున చేలలోనికి పోయి చూడుడు. తలకును ముక్కునకును పాతచీర పేలిక చుట్టుకొని పొద్దుగూకువరకు వంగి కాయలు కోయుదురు. కల్లములలో ఎండుకాయల నడుమ కూర్చుండి తాలుకాయలు ఏరుదురు. ఆ ఘాటునకు తుమ్ములు, దగ్గులు, కంట నీరు. కోతలు సాగిన కొలది ఎండలు ముదురును. ఎండలకు పేరుమోసిన రెంటచింతల మన సీమలోనిదే గదా! పిడుగురాళ్ల సున్నపుబట్టీల కడ పనిచేయువారి పాటు మరియొక విధము. కాల్చిన సున్నపుధూళి చెమటతడి తగిలిన వేడెక్కి చర్మమును కాల్చును. తడిసిన మూతిగుడ్డ వారికి రక్షయు నగును, శిక్షయు నగును.

ఈ గుడ్డలు ముదుకధూళిని కొంత ఆపునేగాని, మిక్కిలి సన్నని ధూళిని ఆపజాలవు. ముఖమునకు బిగువుగా అమరిన ఎన్‌-95 మాస్కు సూక్ష్మరేణువులలో నూటికి 95 పాళ్లైన ఆపును గాని, దానితో ఊపిరి తీయుట మరింత కష్టము. మంచి మాస్కు ఇచ్చినంత మాత్రమున పని తీరదు. దానికి తగిన విరామమును ఈయవలెను. వేగము తగ్గించుకొమ్మని మనము సులభముగ చెప్పుదుము. కిలోకు ఇంతయని కూలి దొరకు నామె వేగము తగ్గించిన, ఆ పూట బియ్యము తగ్గును. మెట్లపై మనకున్న స్వేచ్ఛ చేనిలో నామెకు లేదు.

కనుక మా కుటుంబములలో కొన్నిట ఈ యేర్పాటు చేసికొంటిమి. కోతలనాడు మనిషికి మూడేసి ఉతికిన నూలుగుడ్డలు, గంటకొకమారు చెట్టునీడను, గాలివాలు తగులని చోట, గుడ్డ తీసి కూర్చుండుట, కుండనీళ్లు, తెల్లవారుజాముననే పని మొదలిడి నడియెండలో ఆపుట, కిలోలెక్క మాని దినకూలి యిచ్చుట. మా మామగారు, “ఇట్లయితే పని సాగినట్లే!” అనిరి. సాయంకాలమునకు కాయలు కొంత తగ్గిన మాట నిజమే. ఆ తగ్గుదలను చేనిఖర్చులో వ్రాసికొంటిమి గాని వారి కూలిలో కోయలేదు.

సోదరులారా, చేను గల యింటి లెక్కలలో స్త్రీమాట చెల్లదని యనకుడు. కూలీల అన్నము, నీళ్లు చూచుట మన చేతిలోని పనియే. గుడ్డయు, నీడయు, ఊపిరి తీసికొను వ్యవధియు ఆ పనిలోనివే యని మన యిండ్ల పెద్దలకు నచ్చజెప్పుదము. రాబోవు కోతలకు ముందే ఈ మాట తీర్మానించుకొనుడు.