కొలతల పుస్తకము

ఈ సంవత్సరపు కళాశాల పత్రికకు మధుమేహమును గూర్చి ఒక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకవర్గము వారు కోరినప్పుడు, నేను వైద్యుడను కాను, తెలుగు పాఠములు చెప్పుకొనువాడనని తప్పించుకొనజూచినాను. కాని గత సంవత్సరము మన కళాశాల ఆవరణలో జరిగిన రక్తపరీక్షా శిబిరమున నా కాగితము ఏ కట్టలో చేరినదో వారికి తెలియును. "సార్, మీరే వ్రాయవలెను" అని విద్యార్థి సంపాదకుడు నవ్వుచు నిలబడినాడు. రోగమునకు మందు చెప్పుట వైద్యుల పని. మా ఇంటిలో జరిగినది మాత్రము నేను చెప్పగలను.

మా తండ్రిగారు కర్నూలు పాతబస్తీలో నలుబది సంవత్సరములు దర్జీపని చేసినారు. ఉదయము మిషను ముందు కూర్చున్నచో నమాజునకు, భోజనమునకు తప్ప లేచెడివారు కారు. రంజాను నెలలోను, పెండ్లిండ్ల దినములలోను రాత్రి రెండు గంటల దాక దుకాణములో దీపము వెలుగుచుండెడిది. వచ్చిన ప్రతి ఖాతాదారునితో కలిసి ఒక చాయ్ త్రాగవలెను, అది మర్యాద. ఆ చాయ్‌లో పాలకంటె పంచదార ఎక్కువ. జొన్నరొట్టె, కొర్రన్నము తిని పెరిగిన మనిషి ఆయన. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిమ్మట మా వంటి ఇండ్లలో మూడు పూటల తెల్లని అన్నము కనబడినది. ఆకలితో పండుకొన్న ఇండ్లకు ఆ బియ్యము చేసిన మేలు నాకు తెలియును, దానిని తక్కువ చేయను. అయితే దానితోబాటు జొన్నరొట్టె పేదవాని తిండియని ఒక చిన్నచూపు గూడ మా వంటయింటిలోనికి ప్రవేశించినది.

2009 అక్టోబరు మొదటి వారమున తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలును ముంచినవి. నీరు తీసిన తరువాత మా దుకాణములో మోకాలి లోతు బురద. తండ్రిగారు చెప్పులు లేకుండ దిగి రెండు దినములు ఆ బురదను ఎత్తిపోసినారు. మూడవనాడు చాపమీద రక్తపు మరక చూచినది మా తల్లి. అరికాలిలో విరిగిన సూది ముక్క యొకటి లోపలికంట దిగియున్నది. "నొప్పి లేదు గదా, ఎందుకింత గొడవ?" అన్నారాయన. నొప్పి లేకపోవుటయే అసలు ప్రమాదమని మాలో ఎవ్వరికిని తెలియదు. పది దినములలో బొటనవ్రేలు నల్లబడినది. ఆసుపత్రిలో రెండు వ్రేళ్ళు తీసివేసినారు.

అక్కడి వైద్యుడు, "షుగరు ఎన్ని సంవత్సరముల నుండి?" అని అడిగినాడు. మేమందరము లేదని చెప్పబోవుచుండగా, తండ్రిగారు పైకప్పు వైపు చూచుచు, "ఆరు" అన్నారు.

ఆ ఆరు సంవత్సరములలో నా చెల్లెండ్రిద్దరికి సంబంధములు చూచుచుంటిమి. ఇంటిలో షుగరున్నదని తెలిసిన వచ్చిన సంబంధము వెనుకకు పోవునని ఆయన భయము. పరీక్ష కాగితములను దుకాణములోని కొలతల పుస్తకములో మడిచి పెట్టుకొనినారు. మాత్రలు కొంతకాలము వేసికొని, ఎవరైనా చూతురని మానివేసినారట. అది పిరికితనమని నేను చాలకాలము కోపగించుకొన్నాను. ఇప్పుడా మాట అనుటకు నాకు హక్కు లేదు. ఎందుకో ముందు చెప్పెదను.

ఈ వ్యాధికి మన రెండు భాషలలోను పేర్లున్నవి. ఉర్దూలోని జియాబితీస్ అను మాట గ్రీకు నుండి అరబ్బీ మీదుగా వచ్చినది. ప్రవహించిపోవునది అని దాని మూలార్థము. తెలుగులోని మధుమేహము సంస్కృతము నుండి వచ్చినది. చరక సుశ్రుతుల గ్రంథములలోనే ఈ రోగ వర్ణన గలదు. రెండు పేర్లును మూత్రమును గూర్చియే చెప్పుచున్నవి. రోగము అంత ముదిరిన తరువాతనే పూర్వులకు కనబడెడిదన్నమాట. 1921లో టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను వేరుచేసినారు. 1936లో హిమ్స్‌వర్త్ అను ఆంగ్ల వైద్యుడు, మధుమేహులలో కొందరికి ఇన్సులిన్ లోపము కాదు, వారి శరీరము ఇన్సులిన్ మాటను లక్ష్యపెట్టకపోవుటయే దోషమని వివరించినాడు. నేడు రెండవ రకమని చెప్పుకొనుచున్నది అదియే.

క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను స్రవించుచునే యుండును. కాని కాలేయము చుట్టును, ప్రేవుల చుట్టును క్రొవ్వు చేరిన శరీరములో కండరములు ఆ ఇన్సులిన్‌ను సరిగా అంగీకరింపవు. అప్పుడు క్లోమము మరింత శ్రమించి మరింత స్రవించును. ఈ విధముగ సంవత్సరముల తరబడి నడచును. పైకి మనిషి ఆరోగ్యముగనే యుండును, పనిచేయును, నవ్వును. క్లోమము అలసిన నాడు రక్తములో చక్కెర నిలిచిపోవును. నిలిచిన చక్కెర సన్నని రక్తనాళములను చెరచును. కనుపాప వెనుక, మూత్రపిండములలో, పాదముల నరములలో ముందుగా ఆ దెబ్బ తెలియును. పాదమునకు స్పర్శ పోవును. మా తండ్రిగారి సూది కథ అదియే.

ఆయన 2016లో కాలధర్మము చెందినారు. వరదలో పోయినవి పోగా, అటకమీద నుండిన ఒక్క కొలతల పుస్తకము మిగిలినది. అందులో నా పేరుతో ఒక పుట గలదు. ప్రతి ఈదుకును నాకు ఆయనయే కుట్టెడివారు. 1998లో నడుము 30 అంగుళములు. 2006లో 33. 2015లో 36½. ఆ చివరిసారి టేపు తీసి, "బేటా, నీ చేతులు చూడబోతే పుల్లల వలె నున్నవి, గుడ్డ మాత్రము ఎక్కువ పట్టుచున్నది" అన్నారు. నేను నవ్వి ఊరకుంటిని.

అది నవ్వవలసిన మాట కాదు. పూణె నగరపు వైద్యుడు యాజ్ఞిక్, తన ఆంగ్ల మిత్రుడు యుడ్కిన్‌తో కలిసి తీయించుకొన్న ఒక ఛాయాచిత్రమును 2004లో లాన్సెట్ పత్రికలో ప్రకటించినాడు. ఎత్తునుబట్టి లెక్కించిన బరువు ఇద్దరికిని సమానమే. శరీరములోని క్రొవ్వు మాత్రము ఆంగ్లేయునికి 9.1 శాతము, మన భారతీయునికి 21.2 శాతము. సన్నగా కనబడు మనకు క్రొవ్వు లోపల దాగియుండును. అందుచేతనే దక్షిణాసియా వారికి నడుము హద్దులు వేరుగా పెట్టినారు: పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80. దర్జీ భాషలో సుమారు ముప్పదియైదున్నర, ముప్పదొకటిన్నర అంగుళములు. నేనెన్నడో ఆ హద్దు దాటినాను; మా తండ్రిగారి పెన్సిలు ఆ సంగతి వ్రాసియే యుంచినది.

శిబిరమునాడు పరగడుపున నా రక్తములో చక్కెర 117 వచ్చినది. నూరులోపల నుండవలెను, 126 చేరినచో మధుమేహము. మూడు మాసముల సరాసరిని తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చినది; 6.5 చేరినచో వ్యాధియే. నేను గడపమీద నున్నానని వైద్యురాలు చెప్పినది. ఆ కాగితమును ఇంటికి తెచ్చి శబ్దరత్నాకరములో పెట్టి మూసినాను. ఎవరి నుండి దాచినాను? నాకు పెండ్లి కావలసిన చెల్లెండ్రు లేరు. అయినను నాలుగు దినములు దాచినాను. ఐదవనాడు నా భార్య ఏదో పదమునకై నిఘంటువు తెరచి, కాగితము చదివి, "అబ్బా కూడ ఇట్లే చేసినారు గదా" అని మాత్రమన్నది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

గడపమీదనున్నవాడు వెనుకకు రాగలడనుట ఊహ గాదు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందము గడపమీద నున్నవారిని మూడు సంవత్సరములు గమనించి 2006లో ఫలితములను ప్రకటించినది. నడక, ఆహార నియమము పాటించినవారిలో వ్యాధి వచ్చుట 28.5 శాతము తగ్గినది. 2002లో ప్రకటించిన అమెరికా పరిశోధనలో 58 శాతము తగ్గినది. అక్కడివారు వారమునకు నూటయేబది నిమిషముల నడకను, బరువులో ఏడు శాతము తగ్గుదలను నియమముగా పెట్టుకొనినారు. ఎవ్వరును కొండ లెక్కలేదు.

నేను మోటారుసైకిలు మాని కాలినడకన కళాశాలకు వచ్చుచున్నాను. రాత్రి భోజనము తరువాత పావుగంట వీధిలో తిరుగుచున్నాను. పనిచేయుచున్న కండరము ఇన్సులిన్ కొరకు అంతగా వేచియుండక చక్కెరను తీసికొనునట. అన్నము సగము చేసి, ఆ చోట పప్పు, ఆకుకూర పెంచినాము. జొన్నరొట్టె మా ఇంటికి తిరిగి వచ్చినది. ఇప్పుడది ధనవంతుల తిండియైనది, ధర అట్లున్నది! కొర్రలు తిన్నంతనే వ్యాధి మాయమగునని చెప్పువారున్నారు. కొర్రలలోను పిండిపదార్థమే యున్నది, గిన్నెడు తినినచో అదియు చక్కెరయే అగును. కాకరరసము త్రాగి మాత్రలు మానిన ఒక పొరుగువాడు నేడు కండ్లకు చికిత్స చేయించుకొనుచున్నాడు.

కష్టమంతయు పెండ్లి విందులలో. ఖుబానీ మీఠా వద్దన్నచో ఆతిథ్యమును త్రోసివేసినట్లు చూతురు. మొదట, "కడుపు బాగులేదు" అని అబద్ధమాడితిని. ఇప్పుడు, "నాకు షుగరు గడపమీద నున్నది, ఒక చెంచా చాలును" అని పైకే చెప్పుచున్నాను. చిత్రమేమనగా, అట్లు చెప్పిన ప్రతి దస్తర్‌ఖాన్ వద్దను ఒకరో ఇద్దరో మెల్లగా నా ప్రక్కకు జరిగి తమ సంఖ్యను చెప్పుదురు. రంజానులో మాత్రలు, ఇన్సులిన్ వాడువారు మాసమునకు ముందే వైద్యుని అడుగవలెను. వ్రేలి రక్తము పరీక్షించినంత మాత్రమున రోజా చెడదని ఉలమాలు చెప్పుచునే యున్నారు.

స్త్రీల సంగతి వేరు. మా గల్లీలో వారు నడచుటకు చోటు లేదు. మా పెద్దచెల్లెలికి రెండవ కానుపులో చక్కెర కనబడి, ప్రసవము తరువాత పోయినది. అట్టివారు మరల మరల పరీక్ష చేయించుకొనవలెనని ఆమెకెవ్వరును చెప్పలేదు. ఇప్పుడు ఆమె, నా భార్య సాయంత్రము మిద్దెమీద నడచుచున్నారు. ఆరంభములో ప్రక్కమిద్దెల వారు నవ్వినారు. ఈ మధ్య వారిలో ఇద్దరు తామును నడచుచున్నారు.

పది మాసముల తరువాత నా బరువు ఐదు కిలోలు తగ్గినది. చక్కెర 103, ఆ రెండవ పరీక్ష 5.8. గడప దిగినానని చెప్పలేను, ఒక అడుగు వెనుకకు వేసినాను. భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనము 2023లో దేశమున పదికోట్ల పదిలక్షల మంది మధుమేహులని, పదమూడు కోట్ల అరువది లక్షల మంది నా వలె గడపమీద నున్నారని లెక్కగట్టినది. వీరిలో అనేకులు తమ సంఖ్యను ఎరుగరు.

దుకాణమును ఇప్పుడు మా తమ్ముడు నడుపుచున్నాడు. అదే మిషను, అదే కూర్చుండుట, అదే చాయ్. "రంజాను పోనీ భాయ్‌జాన్, తరువాత చూతము" అని రెండు సంవత్సరముల నుండి చెప్పుచున్నాడు. మొన్న ఆదివారము గోడకు వ్రేలాడు టేపు తీసి వాని నడుమునకు చుట్టినాను. 38. పుస్తకములో వాని పుట తీసి, తండ్రిగారి అంకెల క్రింద ఆ అంకె వ్రాసినాను. వాడు చాలసేపు ఆ పుటను చూచి, "ఏ గంటకు తెరచెదరు ఆ ల్యాబు?" అని అడిగినాడు.