గోనెసంచి

దశాబ్దాల పాటు పిల్లలకు భూతదయ అనే సమాసాన్ని విగ్రహవాక్యంతో సహా బోధించినవాణ్ణి. ఆ దయ నాలో ఎంతమాత్రముండినదో ఒక గోనెసంచి తెలియజెప్పింది. మిత్రులారా, ఆ సంగతే నేడు చెప్పదలచినాను.

మల్యాలలో మా ఇంట మల్లి అనే ఆడకుక్క ఉండేది. ఏటికి రెండుమార్లు ఎదకు వచ్చేది; ఆపైన రెండు నెలలకు ఐదారు పిల్లలు. తొలి ఈత పిల్లలను అడిగినవారికి ఇచ్చినాము. మలి ఈతకు అడిగేవారు తగ్గినారు. ఆపరేషన్ చేయించుమని ఎవరో చెబితే మా ఇంటావిడ, "ఆడజన్మ ఎత్తినదాని కడుపు కోసుడేంది? పాపం తగుల్తది" అన్నది. నేనూ తలూపినాను.

ఆ పాపభీతి గల నేనే, మూడవ ఈతలో మిగిలిన నాలుగు పిల్లలను గోనెసంచిలో వేసుకొని, తెల్లవారకముందే కొండగట్టు దారిలో విడిచి వచ్చినాను. అంజన్న సన్నిధి కదా, యాత్రికులెవరైనా ఇంత అన్నం పెడతారని మనసుకు సర్దిచెప్పుకొన్నాను. వారం తరువాత అటు వెళితే ఒకటి రోడ్డుకు అతుక్కొని కనబడింది. మిగిలిన మూడింటి గతి తెలియదు.

మల్లి చివరకు గర్భసంచిలో చీము పట్టి చనిపోయింది. ఆపరేషన్ కాని ఆడకుక్కలకు ఎద ముగిసిన కొన్ని వారాలకు ఈ జబ్బు రావచ్చునని పశువైద్యుడు అప్పుడు చెప్పినాడు. అండాశయాలు, గర్భసంచి తీసివేస్తే ఆ భయం దాదాపు ఉండదు. తొలి ఎదకు ముందే చేయిస్తే రొమ్ముగడ్డలు వచ్చే అవకాశం కూడా చాలా తగ్గుతుంది. మగకుక్కకు వృషణాలలో కంతుల బాధ తప్పుతుంది; ఎదకుక్క వెంట ఊరు దాటిపోవడం, కొట్లాడి గాయాలతో తిరిగిరావడం తగ్గుతుంది. ఒళ్ళు వస్తుంది కనుక తిండి కాస్త తగ్గించాలి. కరిచే కుక్క దీనితోనే సాధువవుతుందని మాత్రం అనుకోరాదు.

ఇదంతా విన్నాక నాకొక సందేహం కలిగింది. కోడెకు విత్తులు నొక్కించి నాగలికి కట్టినప్పుడు మనమెవరమూ పాపమనలేదు. నొక్కించనిది ఆబోతు, నొక్కించినది ఎద్దు అని మన భాషే వేరువేరు పేర్లు పెట్టి ఒప్పుకొన్నది. వేములవాడ రాజన్నకు కోడెమొక్కు చెల్లించే సీమ మనది. ఇంటివద్ద మరో కోడెను ఎద్దును చేసినదీ మనమే. మన అవసరానికి చేస్తే ధర్మమైనది, ఆ మూగజీవి క్షేమానికి చేస్తే పాపమెట్లయింది?

వీధికుక్కలను చంపుటకు బదులు ఆపరేషన్ చేసి విడిచే పద్ధతిని మద్రాసు బ్లూక్రాస్ వారు 1964లోనే మొదలుపెట్టినారు. 2001లో కేంద్రం దానికి నియమావళి చేసింది. 2023లో కొత్త నియమాలు వచ్చినవి. స్థానిక సంస్థలు ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, గుర్తుకు చెవి కొన కత్తిరించి, పట్టినచోటనే విడవాలి. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి చోట్ల పట్టినవాటిని తిరిగి అక్కడ విడువరాదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇంటికుక్క బాధ్యత మాత్రం ఇంటివారిదే.

2026 జనవరిలో మన తెలంగాణ పల్లెలలోనే వందల కుక్కలను విషమిచ్చి చంపినారన్న వార్తలు చదివినాను. వాటిలో ఎన్ని నావంటి పుణ్యాత్ములు సంచులలో మోసుకెళ్ళి విడిచినవాటి సంతానమో! నేను చేయించని ఆపరేషన్‌కు బదులుగా ఎవరి చేతనో ఆ విషం పెట్టించినట్లయింది.

ఇప్పుడు మా ఇంట చుక్క ఉన్నది. తొలి ఎదకు ముందే ఆపరేషన్ చేయించినాము. నావద్ద చదివిన పిల్లవాడే అక్కడ సహాయకుడు. "ఏం గాదు సారూ, పొద్దూకేవరకు లేసి నడుస్తది" అన్నాడు. అట్లే నడిచింది. పది దినాలు కుట్లు నాకకుండా మా ఇంటావిడే కాపలా కాసింది. ఒకనాడు దాని తల నిమురుతూ, "మల్లికి గూడ చేపిస్తే బాగుండు" అన్నది.

నేనేమీ అనలేకపోయినాను. సంచి సంగతి ఆమెకు నేటికీ చెప్పలేదు. ఈ నాలుగు మాటలు చదివి వినిపించి, ఈ రాత్రి చెబుతాను.