అండమాన్ వెళ్తున్నారా? వాన సంగతి చూసుకోండి!

అండమాన్ దీవుల్లో మనకున్నట్టు వణికించే చలి, మాడ్చే ఎండ ఉండవు. ఏడాది పొడవునా ఇంచుమించు 23 నుంచి 31 డిగ్రీలే. తేడా అంతా వానల్లోనే. నైరుతి రుతుపవనాలు మనకంటే ముందే, మే మూడోవారానికల్లా అక్కడ దిగిపోతాయి. అవి వెళ్లీ వెళ్లకముందే ఈశాన్య రుతుపవనాలు! డిసెంబరు దాకా జల్లులే. అందుకే జనవరి నుంచి ఏప్రిల్ వరకు హాయి.

పిల్లలకి సెలవులు కదా అని మే నెలాఖర్లో బయల్దేరితే? వానకైతే గొడుగుంది, సముద్రం పోటెత్తితే ఏం చేస్తాం? హేవ్‌లాక్ (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) పడవలు ఆపేస్తారు. అక్కడే చిక్కుకుంటే పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) ఎక్కాల్సిన విమానం తప్పిపోతుంది. కాబట్టి ముందు చిన్న దీవులు చూసేయండి. తిరుగు ప్రయాణానికి ముందురోజు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి. ఊళ్లోనే ఉన్న సెల్యులార్ జైలుని ఆ రోజుకి అట్టేపెట్టుకోండి.

మరో మాట. గడియారం మనదే అయినా తూర్పున ఉండటంతో డిసెంబరులో సాయంత్రం ఐదింటికే పొద్దుగూకుతుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు పొద్దున్నే బయల్దేరితేనే మంచిది!