మావాడి కారుకు పంజరం

మేమేమో మా పెద్దోడికి సంబంధాలు చూస్తుంటే, వాడేమో కారుకు పంజరం చూస్తున్నాడు. నవ్వకండి, నిజమే చెప్తున్నా. రోల్ కేజ్ అంటారట దాన్ని. రేసు కార్లలో డ్రైవర్ చుట్టూ ఇనుప గొట్టాలతో ఒక చట్రం కనిపిస్తుంది చూడండి, అదే. కారు పల్టీలు కొట్టినా పైకప్పు నలిగి మనిషి మీద పడకుండా ఆ చట్రం ఆపుతుంది.

వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు టికెట్టు కొనుక్కుని వెళ్ళాడు. అప్పటినుంచి పిచ్చి ముదిరింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు తన కారే వేసుకుని చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాకుకో, కోయంబత్తూరు ట్రాకుకో పోతాడు. అక్కడ డబ్బు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, ఎదురుగా లారీలూ బర్రెలూ రాని దారిలో నడుపుతాడు. నేనేమీ వద్దనలేదు. ఆ సరదా డిచ్‌పల్లి హైవే మీద తీర్చుకునేకంటే అక్కడ తీర్చుకోవడమే నయం కదా.

చిక్కల్లా ఏమిటంటే, అదే కారు పదిహేను రోజులకోసారి నిజామాబాద్‌కు కూడా వస్తుంది. అందులోనే మా అత్తయ్యను ఖలీల్‌వాడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు. దాని వెనక సీట్లోనే మా అమ్మాయి మూడేళ్ళ పాపను పక్కన కూర్చోబెట్టుకుని మా పుట్టింటికి, బోధన్ వైపు వస్తుంది.

"పైసలు నావే అమ్మా. బోధన్ల మనకెరుకైన షెడ్డు ఉంది కదా, ట్రాక్టర్ ట్రాలీలు చేసేది. రెండు దినాల్ల పని అయిపోతది. కారు గట్టిగైతే మీకే మంచిది," అన్నాడు.

వినడానికి బాగానే ఉంది. ఇనుము ఎక్కువైతే భద్రం ఎక్కువ, అంతేగా? మావారు కూడా తలూపారు. నేను మాత్రం సంబంధం వచ్చినప్పుడు అడిగినట్టే అడిగాను. ఏ ఊరి ఇనుము, ఎవరు కూర్చోబెడతారు, ఎవరు చూసి బాగుందంటారు? రెండు ఆదివారాలు చిక్కుడుకాయలు ఒలుస్తూ వాడి చేత అన్నీ చదివించి విన్నాను. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పిల్లలు ఉంటారు కాబట్టి, విన్నది విన్నట్టు చెప్తాను.

మొదటిది గొట్టం. పందిరికి వాడేదీ, నీళ్ళకు వాడేదీ పనికిరావు. ప్రపంచ మోటారు క్రీడల సంస్థ ఎఫ్.ఐ.ఏ. నియమం ప్రకారం అతుకు లేకుండా చల్లటి పద్ధతిలో లాగిన ఉక్కు గొట్టం కావాలి. డ్రైవర్ వెనక నిలబడే ప్రధాన కమాను 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం, లేదంటే 50 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉండాలి. వంచేటప్పుడు వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోతే, ముడతలు పడితే ఆ ముక్క పారేయాల్సిందే. ఎందుకంటే అసలు బరువు పడినప్పుడు అది అక్కడే మడుస్తుంది.

రెండోది కాళ్ళు. కారు అడుగున ఉండేది పలచని రేకు. చట్రం కాళ్ళను నేరుగా దానికే అతికిస్తే, తడి నేలలో మంచం కోళ్ళు దిగబడ్డట్టు పల్టీలో అవి రేకును చీల్చుకుని కిందికి పోతాయి. అందుకని ప్రధాన కమాను ప్రతి కాలి కింద కనీసం 3 మి.మీ. మందం, 120 చదరపు సెంటీమీటర్ల ఉక్కు పలక వేసి బరువును పంచాలి.

మూడోది వెల్డింగ్. గొట్టం చుట్టూ పూర్తిగా అతుకు పడాలి. పైకప్పుకు దగ్గరగా ఉండే చోట చెయ్యి పట్టదు కాబట్టి, కనిపించే వైపు వేసి కనిపించని వైపు వదిలేస్తారు కొందరు. చీర కుచ్చిళ్ళు ముందు సర్ది వెనక వదిలేసినట్టు! పని మొదలుపెట్టే ముందు సీట్లు, కార్పెట్టు, వైర్లు తీసేయాలి, బ్యాటరీ విప్పేయాలి, పెట్రోలు సంగతి చూసుకోవాలి, నిప్పు ఆర్పే సిలిండరు పక్కన పెట్టుకోవాలి. నిప్పురవ్వకు కార్పెట్టు చాలు.

నాలుగోది మెత్త. తల తగిలే చోట గొట్టానికి ప్రత్యేకమైన గట్టి నురుగు తొడగాలి. ఏసీ పైపుకు చుట్టే నల్ల నురుగు లాంటిది చుడితే చూడ్డానికి అదే, దెబ్బ తగిలితే మాత్రం ఏమీ లేనట్టే. ఇక్కడే నేను చిక్కుడుకాయలు పక్కన పెట్టాను.

"అంత మంచి నురుగు వేసినంక హెల్మెట్ ఎందుకురా?"

"నురుగు హెల్మెట్ కోసమే అమ్మా. ఆ నురుగు హెల్మెట్ తగిలితే ఆపేటట్టు చేసింది, వట్టి తలకు కాదు."

అదీ అసలు సంగతి. రేసు కారులో పంజరం ఒంటరిగా పనిచేయదు. నడిపేవాడు కదలని గట్టి సీటులో కూర్చుని, రెండు భుజాల మీదుగా, నడుము మీదుగా పట్టీలు బిగించుకుంటాడు. తలకు హెల్మెట్, ఆ హెల్మెట్ వెనక్కీ ముందుకీ విసురుగా ఊగకుండా మెడకు ఆధారం ఉంటాయి. అప్పుడు మనిషి గొట్టాల దాకా రాడు. రోజూ తిరిగే కారులో ఇవేవీ ఉండవు. మామూలు బెల్టు పెట్టుకున్నా గుద్దుకున్నప్పుడు ఒళ్ళు ముందుకు, పక్కకు సాగుతుంది. ఆ సాగిన తలకు మామూలు కారులో మెత్తటి కప్పు, పక్కనుంచి విచ్చుకునే గాలి సంచి తగులుతాయి. పంజరం ఉన్న కారులో గాలి సంచి దారికి గొట్టమే అడ్డం. వట్టి తల నేరుగా ఇనుముకే తగులుతుంది. ట్రాకు మీద ప్రాణం కాపాడే గొట్టమే రోడ్డు మీద నెత్తి పగలగొడుతుంది.

పోనీ భుజాల పట్టీలు మాత్రం వేసి పంజరం మానేస్తే? అదీ ప్రమాదమేనట. పల్టీలో పైకప్పు కుంగితే మామూలు బెల్టులో మనిషి పక్కకు ఒరగగలడు, ఆ పట్టీలలో నిటారుగా ఇరుక్కుంటాడు. అంటే ఇనుమూ పట్టీ జంట. విడదీస్తే రెండూ చెడ్డవే.

వాడు చెప్పినదంతా ముందు సీటు గురించే. వెనక సీటు ఊసే లేదు. రేసు కారుకు వెనక సీటే ఉండదు, పీకేస్తారు. మా కారుకు ఉంది మరి.

కింద వాకిట్లోకి వెళ్ళి, బాత్‌రూమ్ పనిలో మిగిలిన పి.వి.సి. పైపు ముక్క తెచ్చి, ముందు సీట్ల వెనక ఆ కమాను అడ్డగొట్టం వచ్చే చోట పట్టుకొమ్మన్నాను. వెనక సీట్లో మా అత్తయ్యను, పాపను కూర్చోబెట్టాను. పాప ఆడుతూ ముందుకు వంగింది. పైపుకూ దాని నుదుటికీ మధ్య జానెడు కూడా లేదు. మా అత్తయ్య పైపు పట్టుకుని, "ఇది నేను లేచేటప్పుడు పట్టుకుంటందుకా బిడ్డా?" అని అడిగింది. వాడేమీ మాట్లాడలేదు. పైపు తీసి గోడకు ఆనించాడు.

మనలో ఇంకా చాలామంది వెనక సీటులో బెల్టు పెట్టుకోం. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో సైరస్ మిస్త్రీ ఎంత మంచి కారులో పోతూ చనిపోయారో మనం టీవీలో చూశాం. వెనక కూర్చున్న ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదు. కారు గట్టిగా ఉండటం వేరు, లోపల మనిషి కట్టి ఉండటం వేరు.

చట్టం సంగతి కూడా చూశాం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారుచేసినవాళ్ళు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. కార్లకు ముందు కట్టే ఇనుప కడ్డీల గార్డులు కూడా ఈ సెక్షన్‌కు విరుద్ధమేనని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. బీమా కంపెనీకి చెప్పకుండా మారిస్తే రేపు క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. ట్రాకు మీదయితే పోటీకి ముందు తనిఖీదార్లు గొట్టం మందం నుంచి మెత్త దాకా చూసి గానీ బండిని లోపలికి వదలరు. ట్రాలీల షెడ్డులో చేసిన పనిని ఎవరు చూసి సరే అంటారు? ట్రాలీ మంచిగా చేసే చెయ్యి మంచి చెయ్యే, నేను కాదనను. కానీ ట్రాలీలో చెరకు పోతుంది, మనిషి కాదు.

చెరకు అనగానే మా తమ్ముడు గుర్తొచ్చాడు. 1937లో మొదలైన మా శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడ్డాక మా వైపు చాలామంది చెరకు మానేసి వరి వేశారు. వాడు మాత్రం కొంత నిలుపుకున్నాడు. కోతలప్పుడు కామారెడ్డి వైపు మిల్లుకు ట్రాక్టర్ మీద లోడు తోలుతాడు. మాటల్లో ఈ పంజరం కథ చెప్తే, "నా ట్రాక్టర్‌కు ఎప్పుడో ఉందక్కా," అన్నాడు నవ్వుతూ. ఉన్నది ఎండకు కట్టిన పైపుల టాపు! నాలుగు సన్నటి గొట్టాలు, పైన రేకు. మావాడు దాన్ని ఒక చేత్తో ఊపి చూసి, "మామా, ఇది నీడకే పనికొస్తది. బండి తిరగబడితే ఇది నీకంటే ముందు పండుకుంటది," అన్నాడు.

రేసు కారు మాటెలా ఉన్నా, పంజరం నిజంగా కావలసింది ట్రాక్టర్‌కే. గట్టు పక్కన చక్రం జారినా, బురదలో ఇరుక్కున్నప్పుడు ముందు చక్రాలు పైకి లేచినా, రెప్ప వేసేలోపు తిరగబడి నడిపేవాడి మీదే పడుతుంది. స్వీడన్ దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రం తప్పనిసరి చేసింది. అక్కడ ఇలాంటి చావులు బాగా తగ్గాయి. ట్రాక్టర్‌కు కూడా జంట నియమమే. కమాను ఉంటే బెల్టు తప్పనిసరి, కమాను లేని ట్రాక్టర్ మీద బెల్టు కట్టుకోకూడదు. కమాను కూడా ఆ మోడల్ కోసం కంపెనీ చేసి, పరీక్షించినదై ఉండాలి. దానికి కన్నాలు పెట్టడం, అతుకులు వేయడం చేయకూడదు. ఒకసారి వంగితే సరిచేసి వాడకూడదు, మార్చేయాలి.

ఇప్పుడు మా ఇంట్లో తేలింది ఇది. కారు ఇంటి కారుగానే ఉంటుంది. వెనక సీటు, వెనక బెల్టులు, పాప సీటు ఎక్కడివక్కడే. మావాడు ట్రాకుకు పోయినప్పుడు అక్కడి శిక్షణ స్కూలు ఇచ్చే పంజరం ఉన్న కారే నడుపుతాడు. ఎప్పటికైనా సొంతంగా రేసు కారు చేసుకుంటే, అది ట్రాకుకు లారీ మీద పోవాలి, రోడ్డు ఎక్కకూడదు అని వాడే అన్నాడు. ఆ ఖర్చు లెక్క వేసుకుని, "ముందు పెళ్ళే చవకేమో" అని కూడా అన్నాడు. ఆ మాట నేను గట్టిగా పట్టుకున్నాను.

పంజరం కోసం దాచిన డబ్బులో కొంత తీసి, మామ ట్రాక్టర్ మోడల్‌కు కంపెనీ కమాను, బెల్టు దొరుకుతాయా అని డీలరును అడిగి వచ్చాడు. ఆరా తీసి చెప్తామన్నారు. చెరకు కోతలు మొదలయ్యేలోపు వస్తే బాగుండునని మా మరదలు రోజూ ఫోన్ చేస్తోంది. మీ ఇళ్ళల్లో ట్రాక్టర్ తోలేవాళ్ళుంటే ఒకసారి వెళ్ళి చూడండి. వాళ్ళ నెత్తిమీద ఉన్నది నీడా, రక్షణా?