గుమ్మంలో మెకానిక్కు

మిలిటరీ నుంచి పెన్షన్ మీద వచ్చిన మనిషి ఇంట్లో ఉంటే ఊరంతా చుట్టాలేనండీ! "వదినగారూ, కాంటీన్‌లో మిక్సీ చవకటగా?" అని పక్కింటావిడ. వాళ్ళాయనకి కావలసింది మిక్సీ కాదనుకోండి, అది వేరే సంగతి. ఇన్నేళ్ళలో ఒక్కరైనా "అన్నయ్యగారు అక్కడ ఏం పని చేసేవారు?" అని అడిగితే ఒట్టు. మిలిటరీ అంటే తుపాకీ, కవాతు, రమ్ము. అంతే!

మావారు ఇ.ఎం.ఇ.లో, అంటే సైన్యం వారి మరమ్మతుల శాఖలో, బండ్ల మెకానిక్కు. సికిందరాబాదులో నేర్చుకుని లద్దాఖ్‌లో లారీలు బాగుచేశారు. అక్కడ చలికాలం డీజిలు పెరుగులా పేరుకుపోతుందట. అయినా తెల్లారేసరికి బండి కదలాలి. లేకపోతే కొండమీది జవాన్లకి బియ్యం అందవు.

17 ఏళ్ళు చేసి 36వ ఏట ఇంటికొచ్చారు. మన ఇళ్ళల్లో మగవాళ్ళు ప్రమోషను కోసం ఎదురుచూసే వయసు అది! పెన్షను ఉంది, కాదనను. అది బియ్యానికీ కూరలకీ సరిపోయి పిల్లల ఫీజుల దగ్గర ఆగిపోతుంది. కేంద్ర ప్రభుత్వపు గ్రూప్ సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకి నూటికి 10 కేటాయించారు. ఈయన కుర్రాళ్ళ పక్కన కూర్చుని ఆ పరీక్షలూ రాశారు. రాలేదు. ఒక లారీల షోరూముకి వెళితే అక్కడి మేనేజరు కుర్రాడు సర్టిఫికెట్లు అటూ ఇటూ తిప్పి, "ఐ.టి.ఐ. లేదాండీ? పోనీ గన్ లైసెన్సు ఉందా? సెక్యూరిటీకయితే రేపే వచ్చెయ్యండి" అన్నాడట.

అలా ఓ బ్యాంకు గుమ్మంలో నిలబడ్డారు. ఓ మే నెలలో కరెంటు పోయింది, జనరేటరు నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది. ఈయన అటు వెళ్ళబోతే "నువ్వు గుమ్మం వదలకు, మెకానిక్కు వస్తాడు" అన్నారు లోపలివాళ్ళు. గంటన్నర తరవాత వచ్చిన కుర్రాడు ఏవేవో విప్పుతుంటే, ఉన్నచోటినుంచే "బాబూ, డీజిలు లైన్లో గాలి పట్టింది, ముందది వదిలించు" అన్నారట. అదే రోగం! వెళ్తూ వెళ్తూ ఆ కుర్రాడు "ఎక్కడ నేర్చుకున్నారు బాబాయ్?" అన్నాడట. ఆ రాత్రి అన్నం దగ్గర ఆ మాట నాకు మూడుసార్లు చెప్పారు.

ఊరు సరే, సైన్యమైనా చెయ్యి తిరిగినవాణ్ణి ఉంచుకుంటోందా? 2022లో అగ్నిపథ్ వచ్చింది. నాలుగేళ్ళు కాగానే నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. మిగిలినవాళ్ళ చేతిలో సుమారు 11 లక్షల 70 వేలు పెట్టి పంపేస్తారు. పెన్షను లేదు. సైన్యం పడుచుగా ఉండాలంటారు. ఉండాల్సిందే. కానీ మావారికి మొదటి రెండేళ్ళూ స్పానర్లు అందించడంతోనే సరిపోయిందట. కొత్తకోడలికి వంట కుదిరే వేళకి పుట్టింటికి పంపేసి ఇంకో కోడల్ని తెచ్చుకునే అత్తగారుంటే మనం ఊరుకుంటామా?

తాడేపల్లిగూడెం దగ్గర మా పుట్టింటివైపు మాధవరం ఉంది. మిలిటరీ మాధవరం అంటేనే తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచీ సైన్యానికి బిడ్డల్ని పంపిన ఊరు. పిల్లాడు మిలిటరీలో చేరాడంటే ఇక వాడి బతుక్కి ఢోకా లేదనుకునేవాళ్ళం ఆ చుట్టుపక్కల.

మా తోడికోడలు కొడుకు 2023లో చేరాడు. వాడికి 2027తో నాలుగేళ్ళూ నిండుతాయి. ఫోనులో తల్లి "తిన్నావురా? చలిగా ఉందా?" అంటుంది. ఈయన ఫోను లాక్కుని, "ఏ కోర్సు చేశావురా? కాగితం తీసుకున్నావా? పేరు సరిగ్గా రాశారో లేదో చూసుకున్నావా?" అంటారు. ఓ నకలు మా ఇంటికి పంపమన్నారు. మొన్న వచ్చింది. తన కాగితాలుండే నల్ల ట్రంకుపెట్టెలో, వాటి పైన పెట్టి తాళం వేశారు.