నానీమా రంగు

ఫ్రిజ్‌లోంచి గుడ్డు తీస్తుంటే అమ్మీ పట్టేసుకుంది. "నాష్తాకా, బొమ్మలకా?"

"బొమ్మలకే."

"తోబా!" అని తస్బీహ్ అందుకుంది.

డ్యూటీ లేని ఆదివారం నా షౌఖ్ ఇదే. గుడ్డు పగలగొట్టి, సఫేదీ వదిలేసి, జర్దీని ఈ అరచేతిలోంచి ఆ అరచేతిలోకి దొర్లిస్తా. తడి పోయాక పైపొరను రెండు వేళ్లతో పట్టుకుని సూదితో పొడిస్తే లోపలి పసుపంతా గిన్నెలోకి జారుతుంది. కాసిని నీళ్లు, నీళ్లతో నూరిన రంగు కలిపితే ఎగ్ టెంపెరా. ఫలక పోస్టుకార్డంత. ప్లైవుడ్ మీద సరేసు, చాక్‌పొడి కలిపి పూతలేసి నున్నగా రుద్దిందే. ఈ రంగు క్షణంలో ఆరిపోతుంది. తడిమీద కలపడం కుదరదు. షీర్ ఖుర్మా సేమియాల్లా సన్నటి గీతలు పక్కపక్కనే గీస్తూ పోవాలి. రోజూ డెడ్‌లైన్‌కు పరిగెత్తే నాకు ఒక్క చెంపకే మూడు ఆదివారాలు పట్టాయి.

ఆ చెంప నానీమాది. జిందగీలో ఫొటో దిగలేదామె. ఓటరు కార్డు కోసం ఒక్కసారి కూర్చుంది. అందులో దుపట్టా తెల్లగా, మొహం నల్లటి మచ్చలా పడింది. సాంవ్లీ మనిషి. షాదీ సంబంధాలప్పుడు ఆమె రంగు గురించి ఎవరేమన్నారో చివరిదాకా చెబుతూనే ఉండేది, నవ్వుతూ.

ముందు గవాష్‌తో వేశా. కింది కాగితం కనపడకుండా చిక్కగా వేసే నీటిరంగు అది. మన దక్కనీ ముసవ్విర్లు వేసింది కూడా ఆ జాతి రంగులే, బంక కలిపి. నాకు అచ్చిరాలేదు. తెలుపు ఎక్కువై నానీమా బూడిద పూసుకున్నట్టుంది. సరిచేద్దామని తడి కుంచె పెడితే కింది పొర కరిగి కన్ను చెదిరిపోయింది. భయమేసి ఆపేశా.

1400 ప్రాంతంలో సెన్నినో సెన్నినీ అనే ఇటలీ ముసవ్విర్ ఒక కితాబు రాశాడు. పట్నం కోళ్ల జర్దీ పాలిపోయి ఉంటుంది, పడుచు మొహాలకు అది వాడమన్నాడు. ముసలివాళ్లకూ చామనఛాయ వాళ్లకూ పల్లె కోళ్ల ఎర్రటి జర్దీ. చదివి అంగడికెళ్లి నాటుకోడి గుడ్లు తెచ్చా.

"నమాజ్ చదివే ఇంట్లో తస్వీరా? ఫరిష్తాలు రారు" అంది అమ్మీ. సాలార్‌జంగ్ మ్యూజియంలో నవాబుల తస్వీర్లున్నాయి కదా అన్నా. "వాళ్లు నవాబులు. వాళ్ల హిసాబ్ వాళ్లిస్తారు."

దానికి నా దగ్గర జవాబ్ లేదు. ఉర్దూ బడిలో మాకు నేర్పింది పూలకుండీ, మినార్, అంతే. ఇప్పటికీ కళ్లు వేసేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

నిన్న అసర్ తర్వాత అమ్మీ ఏమీ అనకుండా వచ్చి నా వెనక నిలబడింది. చాలాసేపు ఖామోష్. తర్వాత వేలు చాపింది.

"అమ్మీ కీ లౌంగ్ ఇదర్ నై రే, ఉదర్ థీ."

ముక్కుపుడక రెండోవైపట. ఆరిన టెంపెరా నీళ్లకు పోదు. బ్లేడుతో మెల్లగా గీకా, కింది తెలుపు తేలేదాకా. కలిపి పెట్టుకున్న జర్దీ అప్పటికే వాసనొస్తోంది. అమ్మీయే లేచి ఇంకో గుడ్డు తెచ్చిచ్చింది.

నమాజ్ గదిలో మాత్రం పెట్టనివ్వలేదు. ఆమె అల్మారాలో, నానీమా ఖడీ దుపట్టా మడతల్లో ఉంది.